తనంతట తానే తుడుచుకున్న డిస్కు

"...దాంట్లో ఒక్క అక్షరం కూడా రాయలేదు గదక్కా నువ్వు! రైట్ బ్లాకర్ తగిలించే పెట్టినావు. ఇంకేంది?"

"రాయలేదు. కరెంటిచ్చినా."

"కరెంటియ్యకుండా చదివేదానికి నువ్వేమన్నా జోస్యం చెప్పేదానివా?"

నవ్వించాలనే అన్నాడు ల్యాబులో ఆమె జూనియర్ ప్రభు. లోగనాయకి నవ్వలేదు. ఆమె ముందు తెర మీద రెండు వరుసల అంకెలున్నాయి. డిస్కులో ఉన్నదంతా లెక్కగట్టి తీసే గుర్తు అది. లోపల ఒక్క చుక్క మారినా మారిపోతుంది. పదకొండు గంటలకు తీసినదీ, ఒంటిగంటకు తీసినదీ కలవడం లేదు.

ఒర్లియంపేట నుంచి స్కూటీ మీద వచ్చి, ఈ ల్యాబులో పద్దెనిమిదేళ్ళుగా కోర్టు పంపే డిస్కులు చదువుతోంది లోగనాయకి. పళ్ళెం తిరిగే పాత డిస్కుల కాలంలో నేర్చిన పని. డిస్కు తగిలించి గుర్తు తీయడం, దాన్ని అలాగే ఉంచి మూడు ప్రతుల ఫారం చేత్తో నింపడం, అన్నం తినొచ్చి నకలు తీయడం. పాత డిస్కు ఎంతసేపైనా ఊరకే ఉండేది. చిప్పులతో చేసిన కొత్త డిస్కు ఉండదు. కరెంటు అందగానే దాన్ని లోపలి నుంచి నడిపే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాం, ఎవరూ చెప్పకుండానే, చెరిపేసిన చోట్లను లోలోపల శుభ్రం చేసుకుంటుంది. బయటి రాతను ఆపే రైట్ బ్లాకర్ దాన్ని ఆపలేదు. ముందుగా ఫర్మ్‌వేర్‌నే నిలిపేయాలి. అందుకు కొన్న పరికరం బీరువాలో ఉంది. శిక్షణకు వెళ్ళొచ్చింది లోగనాయకే. పొద్దున పాత అలవాటు కొద్దీ ఆమె చెయ్యి బీరువా దాకా పోలేదు.

డిస్కు మేట్టుపాళయంలోని ఒక రేకుల కార్ఖానాది. అక్కడి కార్మికుడు మారిముత్తు, రేకులు నొక్కే ప్రెస్సు యంత్రంలో నలిగి చనిపోయిన నాటి కెమెరా దృశ్యాన్ని ఎవరో చెరిపేశారు. ఆ వెంటనే పోలీసులు రికార్డరు ఊడదీసుకుపోయారు గనక, మిగిలి ఉంటుందనే ఆశతో ఇక్కడికి పంపారు. యంత్రానికి అడ్డు జాలీ లేదంటుంది అతని భార్య అన్నమ్మాళ్. ఉందంటాడు యజమాని. నకలులో ఆ చోటంతా ఇప్పుడు సున్నాలే.

"మొదటి గుర్తు ఎవురు చూసినారక్కా? కొత్త ఫారంలో రెండోదొక్కటే రాసెయ్. డిస్కు వచ్చేటప్పటికే ఏమీ లేదని కోర్టుకు పోతుంది."

"అట్ల రాస్తే చెరిపినోడు తప్పించుకుపోతాడు. ఆయమ్మ చెప్పింది అబద్ధమైపోతుంది."

"నిజం రాస్తే మాత్రం బొమ్మ తిరిగొస్తుందా? నీ ఉద్యోగం పోతుంది, అంతే."

లోగనాయకి ఫారం మూడు ప్రతులనూ దగ్గరికి లాక్కుంది.

"రెండు గుర్తులూ రాస్తా ప్రభూ. పొద్దున ఆడ ఏదో ఉండిందని, కరెంటిచ్చి పోగొట్టింది నేనేనని రాస్తా."