గ్రైండరు పెడితే పడిపోయే స్విచ్చి

ఎనభైల మొదట్లో బళేపేటలో ఒక సందులో అద్దెకుండేవాళ్లం. నేను, మా ఆయన, మా అత్తమ్మ. నేను నర్సును. కరెంటు కొట్టి వచ్చినవాళ్లను వార్డులో చూసి చూసి, ఇంట్లో ఎర్త్ లీకేజీ స్విచ్చి పెట్టించాల్సిందేనని పట్టుబట్టాను. కరెంటు దారితప్పి ఎక్కడైనా కారిందంటే క్షణంలో ఇల్లంతా ఆపేసే స్విచ్చి అది. మా సందులో మరెవరికీ లేదు. దాన్ని బిగించిన ఎలక్ట్రీషియను, అంతవరకూ మా ఇంటికి లేని ఎర్త్ వైరు కూడా వేసి వెళ్లాడు.

ఆ ఆదివారం చర్చిలో అందరికీ ఇడ్లీలు పెట్టే వంతు మాది. శనివారం పొద్దున అత్తమ్మ నానిన మినప్పప్పు గ్రైండర్లో పోసి స్విచ్చి వేసింది. టప్‌మని కొత్త స్విచ్చి పడి ఇంట్లో కరెంటు పోయింది. మళ్లీ వేస్తే మళ్లీ పోయింది.

"తీసిపారేయమ్మా ఆ కొత్తదాన్ని. అది రాకముందు గ్రైండరు బాగనే తిరుగుతా ఉండె" అంది అత్తమ్మ.

నాకు మాత్రం ఉత్సాహం ఆగలేదు. స్విచ్చి ఏదో పట్టుకుంది, అదేమిటో తేల్చాలి. ప్లగ్గులన్నీ పీకేసి ఒక్కొక్కటే పెట్టి చూశాం. రేడియో పలికింది, ఫ్యాను తిరిగింది, ఇస్త్రీపెట్టె వేడెక్కింది. గ్రైండరు పెట్టామో లేదో, టప్! దొంగ దొరికిందని మా ఆయన తొడ చరుచుకున్నాడు. ఇదివరకెప్పుడైనా ఇది షాకు కొట్టిందా అని వాళ్లమ్మను అడిగాడు.

"షాకేమీ లేదప్పా. ముట్టుకుంటే చెయ్యి చిమచిమ అంటాది. మిషనంటే అట్లనే ఉంటాదేమో అనుకుంటి. పీట మీద నిలబడుకుంటే అంత తెలీదు."

ఇన్నాళ్లూ తడిచేతులతో ఆమె దాన్ని తాకుతూనే ఉంది. ఇక పిండి సంగతి పక్కకు పోయింది.

మోటారులోకి నీళ్లు దిగాయేమోనని ప్లగ్గు పీకి, పప్పు గిన్నెలోకి తోడి, గ్రైండరును మిద్దె మీద ఎండలో పెట్టాం. మధ్యాహ్నం తెచ్చి బిగిస్తే మళ్లీ టప్. మా ఆయన ముఖం వాడిపోయింది. ప్లగ్గు మళ్లీ పీకి, గ్రైండరును పక్కకు వాల్చి అడుగురేకు విప్పాను. వైరు లోపలికి వెళ్లే రంధ్రం దగ్గర రబ్బరు ఊడిపోయి ఉంది. రేకు అంచు ఒరుసుకొని వైరు తొడుగు పగిలింది. ఆ పగులు నుంచి రేకు దాకా పాతపిండి అట్టకట్టి, కడిగిన నీళ్లకు నాని, లోపల ఎండ తగలక ఇంకా మెత్తగా ఉంది. కరెంటు దాని మీదుగానే కారుతోంది.

"ఇదిగో, ఇక్కడ" అన్నాను.

మా ఆయన ఒక్క ఉరుకున వెళ్లి వీధి చివరి అంగట్లో కొత్త వైరు, రబ్బరు తెచ్చాడు. పిండంతా గీకి, తుడిచి, ఆరబెట్టి, వైరు మార్చి ప్లగ్గు పెట్టాం. ముగ్గురం స్విచ్చి వైపే చూశాం. అది పడలేదు. గ్రైండరు గరగరా తిరిగింది. అత్తమ్మ కాసేపు దగ్గరికి రాలేదు. చివరికి వేళ్ల వెనకవైపుతో తాకి చూసింది.

"ఏమీ లేదప్పా. ఉత్త ఇనుము మాదిరి ఉండాది" అంది ఆశ్చర్యంగా.

మర్నాడు చర్చిలో ఇడ్లీలు వడ్డిస్తూ ఈ కథంతా ఆమే చెప్పింది. ఆ సాయంత్రానికల్లా మా గడప ముందు ఇస్త్రీపెట్టెలు, హీటర్లు పట్టుకొని ఆడవాళ్లు చేరారు. మీ స్విచ్చికి పెట్టి చూడండి, మావి మంచివో కావో చెబుతుందంట కదా అని.