సలీం అతికిన రాడ్డు

తొమ్మిదేళ్లుగా ఒక ఇనుప ముక్కను దాచిపెట్టుకుని బతుకుతున్నాను. బొటనవేలంత ఉంటుంది. నా పనిముట్ల పెట్టెలో అట్టడుగున, పాత గుడ్డలో చుట్టి పెట్టాను. దాని సంగతి మా ఆవిడకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు ఆగేవాణ్ణా?

నేను స్టీలు ప్లాంటులో మెయింటెనెన్సు పని చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ పాత మిలిటరీ మోటారు సైకిళ్లంటే పిచ్చి. ఇంట్లో కుళాయి కారుతుంటే కన్నెత్తి చూడని మనిషి తుక్కు బండి పక్కన రోజంతా పడుకుంటాడని మా ఆవిడ వచ్చిన చుట్టాలందరికీ చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు. యుద్ధకాలం నాటి ఒంటి సిలిండరు బండి ఒకటి, హార్బరు వైపు ఒక తుక్కు గోదాములో, తుప్పు పట్టిన గొలుసుల కింద దొరికింది. దాన్ని మళ్లీ నడిపించడానికి రెండేళ్లు పట్టింది. నడిపించింది నేనని అందరికీ చెప్పుకున్నాను. నిజానికి సగం సలీం.

పూర్ణా మార్కెట్ వెనక సందులో సలీం కొట్టు ఉండేది. వాళ్ల నాన్న ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడట. సలీం గ్యాసు మంటతో ఇత్తడి కరిగించి ఇనుముకు ఇనుము అతికేవాడు. జాలరిపేట నుంచి పడవల వాళ్లు ఇంజను సామాను అతని దగ్గరికే తెచ్చేవారు. సముద్రం మధ్యలో అతుకు ఊడితే దిక్కెవరు? అందుకని సలీం అయితేనే నమ్మేవారు. పనయ్యాక అతను కళ్లు మూసుకుని అతుకు మీద గోరు పోనిచ్చి తడిమి చూసేవాడు. గోటికి ఎక్కడా తగలకపోతే తల ఊపేవాడు. ఒక్కసారి తడిమితే వంద అతుకుల్లో తనదేదో చెప్పగలడు. నన్ను బావా అనేవాడు. మా ఇంట్లో రంజాను సేమ్యా తప్పిన ఏడాది లేదు.

ఆ బండికి పెడల్ నుంచి వెనక చక్రం దాకా ఒక పొడుగాటి బ్రేకు రాడ్డు ఉంటుంది. వెనక బ్రేకు మొత్తం దాని మీదే ఆధారపడుతుంది. ముందు బ్రేకు ఉందంటే ఉంది. బండితో వచ్చిన అసలు రాడ్డు కొస దగ్గర వెంట్రుకంత చీలిక ఉంది. సలీం దాన్ని వెలుతురుకు పట్టి చూసి పక్కన పడేశాడు. కొత్త రాడ్డు కోసి, కొసకు కొత్త కొక్కెం అతికి, నా చేతిలో పెట్టాడు. చక్కగా, గట్టిగా ఉంది. లోపమల్లా ఒకటే, దాని మీద బాణం గుర్తు లేదు.

ఈ పిచ్చి లేనివాళ్లకు ఇది అర్థం కాదు. ఆ కాలం మిలిటరీ సామాను మీద చిన్న బాణం గుర్తు కొట్టేవారు. మాలాంటివాళ్లకు అది దేవుడి విభూతి. ప్రదర్శనలో పెద్దమనుషులు మోకాళ్ల మీద కూర్చుని టార్చిలైటు వేసి ఆ బాణాలు వెతుకుతారు. పాత రాడ్డు మీద ఆ గుర్తు ఉంది. మద్దిలపాలెం దగ్గర మైదానంలో పాత బండ్ల ప్రదర్శన పెట్టినప్పుడు, ముందు రోజు నేను సలీం రాడ్డు విప్పి, చీలిక ఉన్న పాత రాడ్డు బిగించాను. ఒక్క రోజే కదా, బండిని మెల్లగా నడిపించుకెళ్లి మెల్లగా తెచ్చుకుంటే సరిపోతుంది, ఇంటికొచ్చాక మార్చేద్దాం అనుకున్నాను. సలీంకు చెప్పలేదు. అతను చేసిన దాని కంటే తుప్పు ముక్క నాకు ముద్దయిందని ఏ మొహంతో చెప్పను?

కప్పు వచ్చింది. టార్చిలైటు పెద్దమనిషి బాణం చూసి నా భుజం తట్టాడు. సలీం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, అంతసేపూ తాడు అవతల జనంలో నిలబడి చూశాడు. అతన్ని లోపలికి పిలిచి, ఇదిగో ఈ బండిలో సగం ఇతను అని నేను అనలేదు. అదీ నా లెక్కలోదే. సాయంత్రం బండ్లు తీసేస్తుంటే దగ్గరికొచ్చి, ఎప్పుడూ ఏదీ అడగని మనిషి, మొహమాటపడుతూ అడిగాడు.

"ఓపాలి నానెక్కుతాను బావా. మా ఈదోళ్లు సూడాల."

కాదనడానికి ఒక్క మాట చాలు. రాడ్డు మార్చాను సలీం, అది ఎక్కొద్దు. అంతే. ఆ మాటంటే ఇన్నేళ్ల స్నేహం ముందు చిన్నబోవాల్సి వస్తుంది. చిన్నబోవడమంటే ఎంత? ఒక పూట మొహం తిప్పుకునేవాడు, మర్నాడు టీకి పిలిచేవాడు. అది తెలిసి కూడా నేను "మెల్లగా పో" అన్నాను. ఈ తొమ్మిదేళ్లలో నేను ఎక్కువగా విన్నది ఆ రెండు మాటలే.

అతను బీచి మీదుగా పోదామన్నాడు. నేను వెనక స్కూటరు మీద ఉన్నాను. సిరిపురం దాటాక సముద్రం వైపు దిగే రోడ్డులో అతని ఎడమకాలు బ్రేకు పెడల్ మీద ఒకసారి, రెండోసారి, మూడోసారి తొక్కడం చూశాను. బండి ఆగలేదు. కింద జనం రోడ్డు దాటుతున్నారు. సలీం హారను కొట్టి, బండిని పక్కనున్న రాతిగోడకేసి తిప్పేశాడు.

ఇక్కడ ఆగిపోవాలనిపిస్తోంది. ఆగను. నేను స్కూటరు పడేసి పరుగెత్తాను. జనం సలీంను లేపుతున్నారు. కుడి మోచెయ్యి ఎముక బయటికొచ్చింది. నేను ముందు చూసింది బండి వెనక చక్రం వైపు. విరిగిన కొస పట్టుకుని వేలాడుతోంది. దాన్ని లాగి జేబులో వేసుకున్నాను. ఆ తర్వాతే మనిషి దగ్గరికెళ్లాను. ముందు రాడ్డు, తర్వాత సలీం. ఈ వరస నేను ఎవరికీ చెప్పలేదు. భయంతో చేతులు వాటంతటవే చేశాయని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎవరి చేతులవి?

మర్నాడు ఆసుపత్రిలో, కట్లు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని అడిగాడు.

"నా అతుకే ఊడిపోనాది కదా బావా?"

నేను ఆ కట్ల వైపే చూస్తూ నిలబడ్డాను.

"ఏటి అలా సూత్తన్నావ్? సెప్పు. నా అతుకే కదా?"

"పోనీలే సలీం. వదిలెయ్. ఎవరికైనా జరుగుద్ది."

అవునని కూడా అనలేదు చూడండి. అంత తెలివి. అతను ఎడం చేత్తో నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

"నువ్వెక్కినపుడు ఊడుంటే ఏటయ్యీది బావా? నానే నిన్ను సంపీసీవోణ్ణి. నా సేతికే తగిలింది, అదే నయం."

ఆ రోజు నేను అతన్ని క్షమించాను. చేయని తప్పుకు, చేసినవాణ్ణి నేనయి ఉండి, క్షమించాను. నర్సు కూడా నన్ను మంచివాడిలా చూసింది.

చెయ్యి కాస్త వంకరగా అతుక్కుంది కానీ మంట పట్టుకోగలిగేవాడు. పట్టుకోలేదు. పడవల వాళ్లు వస్తే వెనక్కి పంపేశాడు. తన అతుకు నమ్మి సముద్రం మీదికి పోతే ఆ ఉసురు తనకొద్దన్నాడు. కొట్టు మూసేసి, బావమరిది గాజుల కొట్టులో కూర్చున్నాడు. ఆడపిల్లలకు గాజుల డజన్లు విప్పి చూపిస్తున్న ఆ చేతులను చూసి ఎన్నిసార్లో మార్కెట్ మధ్యలోంచి వెనక్కి తిరిగాను.

నేనేం చేశానంటే, సలీం చేసిన రాడ్డే మళ్లీ బండికి బిగించాను. ఇత్తడి గీత కనబడకుండా పైన మిలిటరీ ఆకుపచ్చ రంగు వేశాను. ఎవరి దగ్గరో కొత్తది చేయించానని సలీంకు చెప్పాను. విరిగిన ముక్క చూపించమని ఒకసారి అడిగాడు, రోడ్డు మీదే పారేశానన్నాను. అతను మా ఇంటికొచ్చినప్పుడల్లా నేను వెనక చక్రానికి అడ్డంగా నిలబడేవాణ్ణి. వంగి ఒక్కసారి గోటితో తడిమితే చాలు, తెలిసిపోతుంది. అతను వంగేవాడు కాదు, సిగ్గుతో. ఒకసారి దూరం నుంచే చూసి అన్నాడు.

"ఆడెవడో గానీ పనోడు బావా. ఇన్నేళ్లయినా పట్టుకునుంది."

అప్పుడు చెప్పాలి. అంతకంటే మంచి సమయం మనిషికి దొరకదు. నేను టీ కప్పులు తీసి లోపలికి వెళ్లాను.

సలీం పోయిన ఏడాది పోయాడు, గుండెపోటు. నలభై రోజులయ్యాక అతని కూతురు షాహీన్ ఒక సంచి తెచ్చింది. అందులో సలీం గ్యాసు మంట గొట్టం ఉంది, తళతళలాడుతోంది. వాడకపోయినా తుడుస్తూనే ఉన్నాడన్నమాట.

"మీకే ఇమ్మన్నారు అంకుల్. ఇంత తప్పు సేసినా బావ ఒక్క మాటనలేదని అబ్బా పోయీదాకా అనీవోరు."

నోరు తెరిచాను. "మంచి మనిషమ్మా" అన్నాను. షాహీన్ కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత రెండుసార్లు వాళ్ల సందు మొదటి దాకా వెళ్లాను. ఆ పిల్ల నన్ను అసహ్యించుకుంటుందని కాదు నా భయం. నిజం చెబితే, నేను క్షమించానన్న ఆనందంతో పోయిన తండ్రిని ఆమె కళ్ల ముందు మళ్లీ చంపినట్టవుతుంది. ఇదైనా నిజమేనా? లేక ఇదీ నా తెలివేనా? నాకు తెలియడం లేదు.

ఇక్కడిదాకా రాసి, వెళ్లి బండి దగ్గర కూర్చుని, రాడ్డు మీద రంగు గరుకు కాగితంతో గీకేశాను. ఇత్తడి గీత బయటపడింది, సన్నగా, పసుపుగా. కళ్లు మూసుకుని గోరు పోనిచ్చాను. ఎక్కడా తగల్లేదు. చాలాసేపు ఏడ్చాను. మా ఆవిడ వచ్చి ఏమైందని అడిగితే మొదటిసారి ఏమీ లేదనలేదు. పెట్టె అడుగు నుంచి గుడ్డ మూట తీసి ఆమె చేతిలో పెట్టి, అప్పటిదాకా రాసిన కాగితాలు ఇచ్చాను. ఆమె ఇంకా లోపల చదువుతోంది. ఏమంటుందో తెలియదు.

మన్నించమని ఎవరినీ అడగను. ఆ మాటను ఒకసారి ఒక నిర్దోషి మీద వాడేశాను, అడిగే హక్కు అక్కడే పోయింది. గుండె కాస్త తేలికైంది, అంతవరకు ఒప్పుకుంటాను. బాణం ఉన్న రాడ్డు విరిగింది. దాన్ని బిగించింది నేను. సలీం అతుకు ఊడలేదు.