పీతలొచ్చే ఊరి పేరు

అమీర్‌పేటలో మూడో అంతస్తులోని ఒక ఇరుకు గదిలో డిజిటల్ మార్కెటింగ్ నేర్పడం నా పని. ముందు మూడు రోజులు ఉచిత డెమో. ఆ మూడు రోజుల్లో కుర్చీలు నింపలేకపోతే నాలుగో రోజు బ్యాచ్ ఉండదు. దీన్ని సాకుగా చెప్పడం లేదు. అప్పట్లో నా బుర్రలో ఇదొక్కటే ఉండేది.

ఒక మిత్రుడి పెళ్ళికి ఒడిశా తీరంలోని తెలుగు జాలరిపల్లెకు వెళ్ళాను. నాకు బస ఇచ్చిన పెద్దాయన పున్నమి మర్నాడు పొద్దున, పోటు ఎక్కే వేళకు, ఒడ్డుకు తీసుకెళ్ళాడు. గుర్రపునాడా పీతలు గుడ్లు పెట్టడానికి వస్తున్నాయి. బోర్లించిన మూకుడులాంటి డిప్ప, వెనక ముల్లులాంటి పొడవాటి తోక. మగది ఆడదాని వీపును కరుచుకుని ఉంది. ఆడది దాన్ని మోస్తూనే తడి ఇసుక తవ్వుకుంటోంది. అల కొట్టి వెల్లకిలా పడినదాన్ని పెద్దాయన డిప్ప అంచు పట్టుకుని తిప్పి, నీటివైపు పెట్టాడు. నేను వీడియో తీస్తుంటే వద్దనలేదు. ఒక్కటే అడిగాడు.

“ఊరి పేరు మాత్రం ఎవరికీ సెప్పకు బాబూ. కీళ్ల నొప్పులకని తోకలు కోసుకుపోతారు.”

చెప్పనన్నాను.

తిరిగొచ్చాక మొదలైన డెమోలో రెండో రోజుకే సగం కుర్చీలు ఖాళీ. మూడో రోజు ఆ వీడియోకు నా గొంతుతో వ్యాఖ్యానం చేర్చి, విద్యార్థుల కళ్ళముందే అప్‌లోడ్ చేయడం మొదలుపెట్టాను. లొకేషన్ అడిగే చోట చెయ్యి ఆగింది. ముందు వరుసలోని కుర్రాడు ఊరుకోలేదు. “లొకేషన్ లేకుంటే ఎవ్వడు చూస్తడు సార్? నిన్న మీరే చెప్పిన్రు గద.” అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఊరి పేరు కొట్టాను. అంతటితో ఆగలేదు. అదే వీడియోను ఎవరి ఛానెల్లో వాళ్ళు పెట్టుకురమ్మని హోంవర్క్ ఇచ్చాను. బ్యాచ్ నిండింది.

మరుసటి ఏడు అదే కాలంలో పెద్దాయన ఫోన్ చేశాడు. అప్పుడు పంజగుట్ట సిగ్నల్ దగ్గర బైకు మీద ఉన్నాను. కార్లలో జనం దిగారట. తోకలు కోసేసిన పీతలు ఒడ్డంతా పడి ఉన్నాయట.

“ఆళ్లకి ఎవరు సెప్పారో నీకేటైనా తెలుసా బాబూ?”

తెలియదన్నాను. గ్రీన్ సిగ్నల్ పడిందని ఫోన్ పెట్టేశాను. నిజానికి ఇంకా పడలేదు.

ఆ సాయంత్రమే నా వీడియో తీసేశాను. పాత విద్యార్థులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. కొందరు తీసేశారు. కొందరి నంబర్లు మారాయి. కృష్ణానగర్‌లో ఉంటున్న ఒకతను మర్యాదగానే మాట్లాడాడు. “నా ఛానెల్ల గదొక్కటే నడుస్తుంది సార్. పెట్టమన్నది మీరే, తీయమంటే ఎట్ల?” నేను నేర్పిన పాఠాన్నే అతను నాకు అప్పజెప్పాడు.

ఆ పై ఏడు పెద్దాయన ఫోన్ చేయలేదు. పున్నమి దాటాక నేనే చేశాను. నాలుగు జంటలే వచ్చాయన్నాడు. అప్పుడు చెప్పాను, ఊరి పేరు బయటపెట్టింది నేనేనని.

“తెలుసు బాబూ. ఆ కార్లోళ్లే ఈడియో సూపించారు. అందులో నీ గొంతే కదా. నిన్ను అడిగిన నాటికే తెలుసు.”