రెక్కకు అవతలి చెయ్యి

ఛత్రినాకలో మా గల్లీ మొత్తానికి దయ్యాన్ని చూడనివాణ్ని నేనొక్కణ్నే. పాలు పిండే మల్లయ్యను తెల్లచీర కట్టుకున్నావిడెవరో మజ్జిగ అడిగిందట. మా వదినకైతే మూసీ దాటినప్పుడల్లా ఎవరో ఒకరు ఎదురొచ్చేవాళ్లు. అందరి కథలూ వినేవాణ్ని, నవ్వేవాణ్ని, లేచి పనికి పోయేవాణ్ని. నేను దర్జీని. చేతికి తగిలితేనే అది బట్ట, తగలనిదంతా ఉత్త మాట అనుకునే మనిషిని.

ఇప్పటికీ అదే అనుకుంటాను. ఆ మంగళవారం నాటిది చేతికి తగిలింది కాబట్టే చెబుతున్నాను.

పత్తర్‌గట్టిలో షేర్వాణీలు కుట్టే దుకాణంలో నేను పని నేర్చుకున్నాను. రెండో పెద్ద యుద్ధం ఇంకా మొదలు కాలేదు. హుస్సేన్‌సాగర్ అవతల మైదానంలో ఒక ఫ్లయింగ్ క్లబ్ ఉండేది. జాగీర్దార్ల కొడుకులు, ఇద్దరు ముగ్గురు వకీళ్లు, కొందరు కాలేజీ పిల్లలు అక్కడ విమానం నడపడం నేర్చుకునేవాళ్లు. విమానమంటే ఇప్పటివాటిలా అనుకునేరు. కట్టె చట్రం, దాని మీద బిగించిన నారబట్ట, ముందొక ఇంజను, అంతే. రెక్కల మీద బట్ట పాతబడితే విప్పి కొత్తది కుట్టాలి. షేర్వాణీ కాలరు కుట్టే చేతులకు ముడి గట్టిగా పడుతుందని ఎవరో చెబితే, క్లబ్ ఇంజనీరు సోరాబ్ సాబ్ నన్ను పిలిపించాడు.

రెక్క కుట్టడం ఒక్కడి పని కాదు. రెక్కను గోడలాగ నిలబెడతారు. ఇటు ఒకరు, అటు ఒకరు కూర్చోవాలి. సూది మూరెడు పొడవుంటుంది. ఇటునుంచి గుచ్చితే లోపలి కట్టె పక్కగా పోయి అటు తేలుతుంది. అటువైపు మనిషి దాన్ని అందుకుని, దారం లాగి, కట్టెకు రెండో పక్కనుంచి మళ్లీ ఇటు పంపాలి. అప్పుడు ఇటువైపు ముడి వేయాలి. నాలుగు వేళ్లకొక ముడి. వదులైతే పైన గాలికి బట్ట ఉబ్బి, కట్టెను విడిచి చిరిగిపోతుంది. ఆ తర్వాత లోపలున్న మనిషి దిగిరావడం దేవుడి దయ.

అటువైపు కూర్చున్న ఇద్దరు ముగ్గురు సూది నా చేతికి గుచ్చడం తప్ప ఇంకేం చేయలేకపోయారు. చివరికి నా భార్య బాలమ్మను తీసుకుపోయాను. ఇంట్లో దుప్పట్లు, బొంతలు కుట్టిన చెయ్యి ఆమెది. క్లబ్‌లో ఆడమనిషేంటని మెంబర్లు కొంచెం గొణిగారు. రెక్కే పర్దా కదా, అవతల కూర్చుంటే ఎవరికి కనబడుతుందని సోరాబ్ సాబ్ తేల్చేశాడు. పొద్దున్నే ఆమెను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని పోతుంటే మా గల్లీ గల్లీ అంతా తలుపుల్లోకొచ్చి చూసేది. వాళ్ల నవ్వు నాకు తగిలింది గానీ ఆమెకు తగల్లేదు.

"చూస్తే చూడనియ్, కండ్లు వాళ్లయే గదా," అనేది.

నాలుగేళ్లు అట్లా కుట్టాం. ఆమె మొహం నాకు కనిపించదు, నా మొహం ఆమెకు కనిపించదు. షెడ్డు తలుపు ఆమె వైపు ఉండేది, వెలుతురు అటునుంచి వచ్చేది కాబట్టి ఆమె నీడ మాత్రం బట్ట మీద పడేది. సూది అందుకోగానే దారాన్ని రెండుసార్లు చిన్నగా గుంజేది. అందింది, ముడికి సిద్ధంగా ఉండు అని దానర్థం. ఎవరూ నేర్పింది కాదు. ఆమె పెట్టుకున్న గుర్తు. నామీద కోపంగా ఉన్న రోజు మూడుసార్లు గుంజేది. తన వైపు దారం కట్టె మీదుగా పోయేచోట మైనం అద్ది, బొటనవేలి గోరుతో ఒక్క నొక్కు నొక్కేది. ఆమె కుట్టిన రెక్కకు అటువైపు వరసగా గోటినొక్కులు, చిన్న చిన్న నెలవంకలు ఉండేవి.

ఇక క్లబ్ ఆచారం ఒకటి చెప్పాలి. ప్రతి గురువారం మధ్యాహ్నం గాలి ఎక్కువై విమానాలు దిగిపోయాక, అందరూ షెడ్డులో కూర్చునేవాళ్లు. వారంలో ఎవరు ఏ తప్పు చేశారో లేచి వాళ్లే చెప్పాలి. నవాబు కొడుకైనా సరే, మెకానిక్ అయినా సరే, దర్జీ అయినా సరే. చెప్పినవాడికి శిక్ష లేదు. దాచినవాడికి క్లబ్ లేదు. సోరాబ్ సాబ్ కుర్చీలో కాళ్లు చాపుకుని వినేవాడు.

మస్తు సరదాగా ఉండేది లెండి. ఒక జాగీర్దారు కొడుకు తన పెండ్లాం చూడాలని సొంత దేవిడీ మేడ మీదుగా కిందికి ఎగిరితే, పక్కింటాయన పావురాలన్నీ చెదిరి మూడు రోజులదాకా గూటికి రాలేదట. పావురాలాయన లాఠీ పట్టుకుని క్లబ్ దాకా వచ్చాడు. పతంగుల రోజుల్లో గాజుపొడి పూసిన మాంజా దారం ఎక్కడెక్కడ ఉంటుందో చెప్పడం నా వంతు, నేను పాతబస్తీ వాణ్ని కదా. నవ్వులు నవ్వులే, కానీ ఆ గురువారాల వల్లే ఎంతమంది బతికి బట్టకట్టారో నాకు తెలుసు. రెక్క కుట్టుకు ఇద్దరుండి తీరాలని, పనిచీటీ మీద ఇద్దరి వేలిముద్రలూ పడాలని నియమం పెట్టింది కూడా ఒక గురువారం నాడే.

ఇంటికొచ్చే దారిలో బాలమ్మ ఒకసారి అంది, "గాళ్లు పైకి పోతరు. మన ముడి మీద ఒకరి పానం ఉంటది. జర పైలంగ కుట్టు."

ఆ ఏడు బోనాలకు కుండకు సున్నం పూసి ఆరబెట్టి, ఒళ్లు వెచ్చగా ఉందని పడుకుంది. పద్దెనిమిది రోజులు జ్వరం. లేవలేదు. బోనం కుండ అట్లాగే మూలన ఉండిపోయింది. దాన్ని తీసెయ్యమని మా వదిన ఎన్నిసార్లు చెప్పినా నాకు చేతులు రాలేదు.

పనికి మళ్లీ పోయాక అటువైపుకి కిషన్‌ను పెట్టారు. ధూల్‌పేట్‌లో వినాయకుళ్లను చేసేవాడు. పండగైపోయాక పని ఉండదు. నాకంటే నాలుగేళ్లు చిన్న, మంచివాడు, చెయ్యి కూడా మంచిదే. కానీ బట్ట మీద అతని నీడను నేను చూడలేకపోయేవాణ్ని. సూది అందుకుని ఒక్కసారే గుంజేవాడు. రెండోది రాదని తెలిసీ నా చెయ్యి ముడి వేయకుండా ఆగేది.

అందుకని ఒక తప్పు చేశాను. సోరాబ్ సాబ్ రెండు రోజులు ఊళ్లో లేడు. కిషన్‌ను రావొద్దన్నాను. ఒక్కణ్నే కుట్టుకుంటానన్నాను. సూది గుచ్చడం, లేచి చుట్టూ తిరిగి అటుపోయి వెనక్కి పంపడం, మళ్లీ తిరిగి ఇటొచ్చి ముడి వేయడం. నేను నడిచేలోపల దారం బిగి వదిలిపోతుందని నాకు తెలుసు. ఆ నియమం ఎందుకు పెట్టారో నాకంటే బాగా ఎవరికి తెలుసు? తెలిసే చేశాను.

ఆ రోజు అమావాస్య కాదు, పితరులకు పెట్టే పెత్తరమాస కాదు. ఉత్త మంగళవారం. ఎండ బాగా ఉంది. షెడ్డులో నేను తప్ప ఎవరూ లేరు. ఆరు కట్టెలు అట్లా తిరిగి తిరిగి కుట్టాను. ఏడోదానికి సూది గుచ్చి, లేవబోతే మోకాళ్లు పట్టేశాయి. అక్కడే కూర్చుండిపోయాను.

దారం రెండుసార్లు గుంజుకుంది.

సూది అవతలికి జారిపోయింది. తర్వాత కట్టెకు రెండో పక్కన, ఎక్కడ రావాలో అక్కడే, మొన బయటికొచ్చింది.

తలుపు తెరిచే ఉంది. బట్ట మీద నీడ లేదు. గాలి అనుకుందామంటే గాలి మూరెడు సూదిని తిప్పి పంపదు. నాకు భయం వేసిందా అని ఎంతోమంది అడిగారు. భయం వేసింది, కానీ అది వేరే భయం. లేచి చూస్తే ఆగిపోతుందేమోనన్న భయం. ముడి వేశాను. సూది మళ్లీ గుచ్చాను. మళ్లీ రెండు గుంజులు.

మిగిలిన కట్టెలన్నీ అట్లాగే కుట్టాను. కుడుతూ కుడుతూ మాట్లాడటం మొదలుపెట్టాను. మల్లయ్య బర్రె ఈనిందని చెప్పాను. కప్పు కురిసే చోట పెంకు మార్పించానని చెప్పాను. కుండ తీయలేదని చెప్పాను. చెప్పినంతసేపూ సూది వస్తూనే ఉంది. ఆ మధ్యాహ్నం నేనెంత సుఖంగా ఉన్నానో చెబితే సిగ్గేస్తుంది.

సాయంత్రం అసర్ నమాజు వేళకు చివరి ముడి పడింది. దారం తెంపి, అప్పుడు లేచి అటు పోయాను. ఎవరూ లేరు. ఆమె కూర్చునే ముక్కాలిపీట మీద దుమ్ము దుమ్ములాగే ఉంది. ఏడో కట్టె నుంచి చివరిదాకా దారం మీద మైనం, మైనం మీద గోటినొక్కులు. నా మైనం ముద్ద ఇటువైపు నా పక్కనే ఉండింది. వేలితో ఒక్కొక్క నొక్కూ తడిమి చూశాను. గట్టిపడలేదింకా.

గురువారం వచ్చింది. ఆ రెక్క బిగించాల్సిన విమానంలో హమీద్ మియా అనే కుర్రాడు మొదటిసారి ఒంటరిగా ఎగరాలి. ఇరవై రెండేళ్లుంటాయి. వాళ్లమ్మ కట్టిన ఇమామ్ జామిన్ తాయెత్తు జబ్బ మీద కనబడేలా చొక్కా చేతులు మడుచుకుని, పెండ్లికొడుకులాగ కూర్చున్నాడు. సోరాబ్ సాబ్ పనిచీటీ తీశాడు. నా వేలిముద్ర ఉంది, దాని పక్క ఖాళీ ఉంది.

"అంజయ్యా, ఉధర్ కౌన్ బైఠా థా?" అన్నాడు. అవతల ఎవరు కూర్చున్నారని.

కిషన్ మెకానిక్‌ల మధ్య నిలబడి ఉన్నాడు. నా వైపు చూసి, తన పేరు చెప్పెయ్యమన్నట్టు తలూపాడు. చెబితే అయిపోయేది. నేను కుట్టిన ఆరు కట్టెలు రేపు పొద్దున్నే గుట్టుగా విప్పి మళ్లీ కుట్టేయొచ్చు. మిగతావి నా బాలమ్మవి, వాటికి నేను హామీ. ఎవరికీ తెలియదు. ఆమె చేతిపని రోజూ నా కళ్లముందు ఎగురుతుంది. నేను లోకంలో కోరుకున్నదల్లా ఆ క్షణాన అదే.

కానీ నిజం చెబితే రెక్క మొత్తం కోసేస్తారు. అదీ నాకు తెలుసు.

హమీద్ మియా నన్నే చూస్తున్నాడు. అనుమానంతో కాదు, త్వరగా తేల్చు చాచా అన్నట్టు. ఆ చూపుకు నాకు, మన ముడి మీద ఒకరి పానం ఉంటదని సైకిల్ వెనకనుంచి ఆమె అన్న మాట గుర్తొచ్చింది. లేచి నిలబడ్డాను.

"ఒక్కన్నే కూసున్న సాబ్. ఆరు కట్టెలు నేనే తిరుక్కుంట కుట్టిన. అవి వదులైనయ్. మిగిలినయి అవుతల ఎవరు కుట్టిన్రో... నేను చూడలే," అన్నాను.

ఎవరైనా నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. సోరాబ్ సాబ్ లేచి రెక్క దగ్గరికి పోయాడు. నా ఆరు కట్టెల మీద బొటనవేలు పెట్టి నొక్కితే రెండు ముడులు జారాయి. ఏడో కట్టె నుంచి ఎంత నొక్కినా ఒక్కటీ కదల్లేదు. అటువైపు పోయి మైనం మీద వేలు పెట్టి చివరిదాకా నడిచాడు. నాలుగేళ్లు ఆ గోటినొక్కులు చూసినవాడే.

తిరిగొచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. ఈ కుట్టులో తనకు వంక దొరకలేదన్నాడు. కానీ ఎవరు కుట్టారో చెప్పలేని రెక్క మీద ఇంకొకరి కొడుకును పైకి పంపలేనన్నాడు. ఆయన అన్నది న్యాయమే. నేనైనా అదే అనేవాణ్ని.

కత్తెర నేనే అడిగి తీసుకున్నాను. వేరేవాళ్లు కోస్తే చూడలేననిపించింది. విప్పిన బట్ట, దారం ఆ రోజే తగలబెట్టాలన్నది ఇంకో నియమం. పాత ముక్క పొరపాటున కూడా మళ్లీ వాడకూడదని. షెడ్డు వెనక నేనే కాల్చాను. ఒక్క ముక్క జేబులో వేసుకుంటే అడిగేవాళ్లు లేరు. వేసుకోలేదు. ఎందుకు వేసుకోలేదని ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

తర్వాత కిషన్‌తో కూర్చుని మొత్తం మళ్లీ కుట్టాను. హమీద్ మియా ఎగిరాడు, దిగాడు, మైదానమంతా మిఠాయి పంచాడు. నేను ఇంటికిపోయి కుండకు మళ్లీ సున్నం కొట్టాను.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. బాలమ్మ వచ్చిందని కూడా నేననను. వచ్చి ఉంటే ఒక్క మాటైనా మాట్లాడకుండా పోయే మనిషి కాదు. సూది తిరిగొచ్చింది, అంతవరకే నేను సాక్ష్యం చెప్పగలను. ఎట్లా వచ్చిందో ఆ రోజూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

యుద్ధమంతా, ఆ తర్వాత కూడా కిషన్, నేను కలిసే రెక్కలు కుట్టాం. ఆ గురువారం గురించి అతనెన్నడూ అడగలేదు. కానీ ప్రతి రెక్కకూ చివరి కట్టె దగ్గరికొచ్చేసరికి, "బీడీ తాగొస్త అన్నా," అని లేచిపోయేవాడు. బట్ట మీద నీడ తొలగిపోయేది. నేను సూది గుచ్చి, దారం వేళ్ల మధ్య పట్టుకుని కూర్చునేవాణ్ని. కొంతసేపటికి కిషన్ దూరంనుంచే దగ్గుకుంటూ వచ్చి, కూర్చుని, ఒక్కసారి గుంజేవాడు.