మూత మీద కుందేలు

మా మరదలు మనుషుల ముఖాలను చూసే తీరే వేరు. మనం ఎదుటివాళ్ళ కళ్ళు చూస్తాం, నవ్వు చూస్తాం. ఆమె చూపు ముందు కళ్ళ కింద ఉబ్బు దగ్గర ఆగి, ముక్కు పక్క గీతల మీదుగా జారి, గడ్డం కింద తేలుతుంది. తప్పు ఆమెది కాదు, చేసిన పని అలాంటిది. పెళ్ళికి ముందు చేరిన ఫొటో స్టూడియోలోనే మొన్నమొన్నటిదాకా టచప్ పని చేసింది. ఫిల్ము రోజుల్లో సన్నగా చెక్కిన పెన్సిలుతో నెగెటివ్ మీదే ముడతలు పూడ్చేది. తర్వాత అదే పని కంప్యూటరు మీద చేసింది. ఆ వీధిలో సగం ఇళ్ళ గోడలకు వేలాడే ఫొటోల్లోని నునుపంతా ఆమె చేతి చలవే. అందరికీ ఆమె టచప్ అక్క.

"ఊరందరి ముడతలూ నా చేతికి తెలుసు వదినా, నావి మాత్రం అద్దం చెబితే తెలిశాయి" అంది నాతో ఒకరోజు.

యాభై దగ్గర పడుతుండగా ఆమె చర్మం ఉన్నట్టుండి పొడిబారింది. ముఖం కడుక్కుంటే తడిసి ఆరిన అట్టముక్కలా బిగుసుకుపోయేది. బుగ్గలు మండేవి. కళ్ళ పక్క గీతలు ఒక్క ఏడాదిలో లోతుకు దిగాయి. "ఏదో ఒక క్రీము రాసుకోరాదూ" అన్నాడు మా తమ్ముడు. ఏదో ఒకటి రాసుకునే మనిషయితే ఈ కథే లేదు.

ఆమెకొక పట్టుదల ఉంది. జంతువుల మీద పరీక్షించిన క్రీము ఆమె ముఖానికి తగలకూడదు. ఇది పత్రికల్లో చదివి తెచ్చుకున్న సరదా కాదు. చేరిన కొత్తలో, చీకటిగదిలో ఫొటోలు కడిగే మందు సీసాలోంచి వంపుతుంటే చింది ఆమె కంట్లో పడింది. కుళాయి పక్కనే ఉండబట్టి కన్ను దక్కింది. అయినా వారం రోజులు కట్టుతో గోడ పట్టుకుని నడిచింది. చాలా ఏళ్ళ తర్వాత టీవీలో చూసింది. ముఖానికి రాసుకునే వాటిని ముందు కుందేళ్ళ కళ్ళలో వేసి చూస్తారని, కాళ్ళతో రుద్దుకోకుండా మెడ బిగించి ఉంచుతారని. ఆ పూట ఆమె అన్నం కలిపింది గానీ ముద్ద నోట పెట్టలేదు. "నేను కడుక్కోగలిగాను వదినా" అంది. అంతకన్నా వివరంగా ఎప్పుడూ చెప్పలేదు.

క్రీము కోసం ఇద్దరం కలిసే వెళ్ళాం. పెద్ద దుకాణం, ఎటు తిరిగినా అద్దాలే. కౌంటరు దగ్గరి అమ్మాయి ఒక డబ్బా తీసి చేతిలో పెట్టింది.

"ఇది మీ ఏజ్‌కి కరెక్ట్ మేడమ్."

"నా ఏజ్ నీకెవరు చెప్పారమ్మా?"

"చెప్పక్కర్లేదు కదా మేడమ్" అని నవ్వింది ఆ పిల్ల, చాలా మర్యాదగా.

"సరే, దీన్ని జంతువుల మీద టెస్ట్ చేశారా?"

"చేసే ఉంటారు మేడమ్! టెస్ట్ చేయని సరుకు మేం పెట్టం."

"చేయనిదే కావాలి."

ఈవిడకి అంతా బాగానే ఉందా అన్నట్టు ఆ అమ్మాయి నా వైపు చూసింది. "అంటే... మీ మీదే మొదటిసారి ట్రై చేసుకుంటారా మేడమ్?"

"అవును తల్లీ, నా మీదే చేసుకుంటా. మండితే అరవడానికి నాకు నోరుంది. దానికుందా?"

అమ్మాయి లోపలికెళ్ళి ఇంకో డబ్బా తెచ్చింది. ఏ ప్రాణినీ హింసించలేదని దాని మీద బంగారు రంగులో రాసి ఉంది. మా మరదలు దాన్ని వెనక్కి తిప్పి ధర చూసి, కాలే గిన్నెను దించినట్టు దించేసింది. మా తమ్ముడు పనిచేసే గోడౌను మూతపడి అప్పటికి చాలా కాలమైంది. ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే. దుకాణం మెట్లు దిగుతూ పైకే అంది, వెనక వస్తున్నవాళ్ళు వినేలా:

"జాలి కూడా డబ్బున్నోళ్ళకేనా వదినా? మనలాంటోళ్ళు కొనే డబ్బాలోనే కుందేలు ఏడవాలా?"

చివరికి మా సందు చివరి మందుల షాపులో దొరికింది. లేత ఆకుపచ్చ డబ్బా, తెల్లటి మూత, మూత మీద గంతేస్తున్న కుందేలు బొమ్మ. ధర మా చేతికి అందేదే. బొమ్మ చూసి ఆమె ముఖం విచ్చుకుంది. కుందేలుంటే కుందేలును ముట్టుకోలేదని అర్థమట, ఎక్కడో విన్నది. చలికాలం ముందు మొదలుపెట్టి, ఎండాకాలం గడిచేదాకా రోజూ రాసుకుంది. ముడతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మంట మాత్రం తగ్గింది. "నాకదే చాలు" అనేది.

ఆ తర్వాత జరిగినదాన్ని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో, నేనూ ఆ స్టూడియోలో నిలబడి చూశానేమో అనిపిస్తుంది నాకిప్పుడు.

ఫోన్లలో ఫొటోలు మొదలయ్యాక స్టూడియోకి జనం తగ్గారు. ఓనరు పొద్దున షట్టరు ఎత్తి, సాయంత్రం దించి, మధ్యలో ఈగలు తోలుకుంటున్న రోజులు. అలాంటప్పుడు ఒక కంపెనీ మనిషి ప్రకటన పని పట్టుకొచ్చాడు. బస్టాపుల్లో పెట్టే పెద్ద బొమ్మలు. పక్కపక్కన ఒకే మనిషి ముఖాలు రెండు: క్రీము రాయకముందు, రాశాక. బల్ల మీద అతను పెట్టిన డబ్బాను మా మరదలు చూడగానే గుర్తుపట్టింది. మన క్రీమే! ఆమె మనసులో సంతోషించేలోపే అతని చూపు ఆమె ముఖం మీద పడింది.

"సార్, ఈ అక్కనే నిలబెట్టేద్దాం. బిఫోర్‌కి మేకప్ కూడా అక్కర్లేదు."

"బాబూ, నేను బిఫోర్ కాదు, ఆఫ్టర్‌ని" అంది మా మరదలు. సంచీలోంచి తన డబ్బా తీసి అతని డబ్బా పక్కన పెట్టింది. "చలికాలం ముందు నుంచీ మీదే రాస్తున్నా."

అతను పకపకా నవ్వాడు. "అయితే మీకింకో రెండు డబ్బాలు పట్టుద్దిలే అక్కా!"

ఆమె కూడా నవ్వింది. అంతవరకూ కోపం లేదు. "ముడతల సంగతి వదిలెయ్ బాబూ. మీరు జంతువుల్ని బాధపెట్టరు, అందుకే కొన్నాను."

"ఎవరన్నారు?"

"మూత మీద కుందేలుందిగా!"

"ఓ, అదా! ఇదివరకు పువ్వు బొమ్మ ఉండేదక్కా. సరుకు కదల్లేదు. పక్క కంపెనీవాళ్ళకి కుందేలు బాగా కలిసొచ్చిందని మేమూ వేయించాం. ముద్దుగా ఉంది కదా?"

"మరి పరీక్షలూ?"

"అవన్నీ బయట ల్యాబులో పక్కాగా చేయించాం, కుందేళ్ళ మీదే. మీరేం భయపడకండి, కళ్ళలో పడ్డా ఏం కాదు" అన్నాడు అతను, ధైర్యం చెబుతున్నట్టు.

ఎంతమంది ఆడవాళ్ళు ఆ బొమ్మను నమ్మి డబ్బా ఎత్తుకుని ఉంటారో! మోసమని అతనికి తెలిసి ఉంటే కొంత నయం. తెలియను కూడా తెలియదు. హింసించిన చేత్తోనే ఆ ప్రాణి బొమ్మను ముద్దుగా మూతకెక్కించి, మన చెవిలో పువ్వు పెట్టి, పైగా ధైర్యం చెబుతాడు!

మా మరదలు తన డబ్బా తీసి సంచీలో వేసుకుని, "సార్, ఈ పని నావల్ల కాదు" అంది ఓనరుతో.

ఓనరు ఆమెను పక్కకి పిలిచాడు. "అమ్మాయ్, ఇది పోతే షట్టరు దించేసి తాళం వేయడమే. నేనూ ఇంటికే, నువ్వూ ఇంటికే. ఆలోచించుకుని రేపు చెప్పు."

ఇంటికొచ్చి మాకు చెప్పింది. మా తమ్ముడు తల పట్టుకున్నాడు.

"బొమ్మ కోసం ఉద్యోగం పోగొట్టుకుంటావా? నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు!"

"దానికి నాలుగు కాళ్ళూ ఉన్నాయి. నాలుగూ కదలనీయకుండా బిగించి కంట్లో పోస్తున్నారు. మూడని లెక్క మీరు పెట్టుకోండి."

"మరి రేపట్నించి ఏం తింటాం?"

ఆమె లేచి కంచాలు పెట్టింది. ఆమె జీతం మీద కంచం ముందు కూర్చునేవాళ్ళలో నేనూ ఒకదాన్ని కదా, ఆ పని వదిలెయ్యమని ఏ ముఖంతో చెప్పను?

మర్నాడు ఆమె పనిలోకి వెళ్ళింది. ఫొటోలు అప్పటికే తీసేశారు. కంపెనీ ఆఫీసులో నేల తుడిచే ఆవిడను తెచ్చి నిలబెట్టారట, ఈమె ఈడుదే. లైటు నడినెత్తిన పెట్టి గీతలన్నీ లేచేలా ఒకటి, ఎదురుగా పెట్టి అవే గీతలు దాగేలా ఇంకొకటి. రెంటికీ మధ్య ఆవిడ మంచినీళ్ళు తాగినంత సేపు కూడా పట్టలేదు. "క్రీమేదమ్మా? నాకెవరూ ఇవ్వలేదు. నిలబడమన్నారు, నిలబడ్డా" అందట మా మరదలు అడిగితే. ఇక మిగిలింది టచప్. మొదటిదాంట్లో ముడతలు నల్లబరచాలి, రెండోదాంట్లో చెరిపెయ్యాలి.

మా మరదలు మొదటిదాంతోనే మొదలుపెట్టింది. కళ్ళు తెర మీద, మనసు మాత్రం నిన్నటి కంపెనీ మనిషి మీద. లోలోపల అతణ్ణి నిలబెట్టి కడిగేస్తోంది. నువ్వు కళ్ళలో పోయించుకో, నీ మెడ బిగించుకో, నీ బొమ్మ మూత మీద వేయించుకో! అలా తిట్టుకుంటూ మొదటిది ముగించి, రెండోదీ ముగించి, వెనక్కి వాలి చూసుకుంది.

రెండు ముఖాలూ ఒలిచిన కోడిగుడ్ల జంటలా ఉన్నాయి.

"ఒట్టు వదినా, కావాలని చేయలేదు. పెన్సిలు పట్టిన నాటి నుంచీ చెరపడమే గదా పని. ఒక ముఖానికి గీత పెట్టమంటే ఈ చేతికి చేతకాలేదు" అంది నాతో.

ఒక్క మీట నొక్కితే అంతా వెనక్కి పోతుంది. మళ్ళీ చేసుకోవచ్చు. ఆమె వేలు ఆ మీట మీద పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది. తర్వాత తీసేసింది.

"సార్, అయిపోయింది" అని పిలిచింది.

ఓనరు చూడలేదు. ఇన్నేళ్ళలో ఆమె పని అతను తిరిగి చూసింది లేదు. కంపెనీ మనిషి మాత్రం చూశాడు. కంపెనీ పేరు సరిగ్గా ఉందా, ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న అక్షరాలు పెద్దవిగా ఉన్నాయా, డబ్బా రంగు కుదిరిందా అని. ప్రకటన అంతా ఆ ఆడమనిషి ముఖం గురించే. ఆ ముఖాన్ని తప్ప అన్నిటినీ చూసుకుని, బాగుందని అచ్చుకు పంపారు.

బొమ్మలు బస్టాపుల్లో వెలిశాక ఇద్దరం చూడటానికి వెళ్ళాం. బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు.

"ఇదేంటే, రాయకముందు ఎట్టా ఉందో రాశాక కూడా అట్టాగే ఉంది!"

"పాపం, ఈ ఒక్క కంపెనీవాళ్ళే నిజం చెప్పారు."

"ఒకటి కొంటే ఒకటి ఉచితమంట. పని చేయనిది ఒకటి చాల్దా, రెండెందుకు?"

మా మరదలు ఎంత నవ్విందంటే, ఆ నవ్వుకి కళ్ళ పక్క గీతలన్నీ చెవులదాకా పాకాయి. నేనూ నవ్వాను. రాబోయేదేమిటో ఇద్దరికీ తెలుసు.

వచ్చింది. కంపెనీ మనిషి స్టూడియోలో నిలబడి వీధికంతా వినబడేలా అరిచాడు. ఓనరు ముఖం పాలిపోయింది.

"కావాలనే చేశావా అమ్మాయ్?"

"చేసేటప్పుడు కావాలని చేయలేదు సార్. ఉంచేటప్పుడు కావాలనే ఉంచాను."

 ఓనరు బతిమాలాడు. సారీ చెప్పి సరిగ్గా చేసిస్తే కంపెనీ ఊరుకుంటుందన్నాడు, ఉద్యోగం ఎక్కడికీ పోదన్నాడు.

"చేస్తాను. మూత మీద కుందేలుని తీసెయ్యమనండి."

"అచ్చేసిన మూతలు గోడౌను నిండా ఉన్నాయి! మీ ఒక్కరి కోసం పారబొయ్యాలా?" అన్నాడు కంపెనీ మనిషి.

"నా కోసం కాదు బాబూ" అంది ఆమె. కుర్చీ మీది దిండు, కళ్ళద్దాలు, నీళ్ళసీసా తీసుకుని ఇంటికొచ్చేసింది.

న్యాయం జరిగిందని చెప్పాలనే నాకూ ఉంది. జరగలేదు. కంపెనీ ఇంకో స్టూడియోని పట్టుకుని బొమ్మలు మార్పించుకుంది. నేల తుడిచే ఆవిడకి ఒక పక్క ముడతలు తవ్వారు, ఇంకో పక్క కప్పెట్టారు. డబ్బాలు మందుల షాపులో ఇంకా దొరుకుతున్నాయి, కుందేలు ఇంకా గంతేస్తోంది. షాపతనికి మా మరదలు అంతా విడమరిచి చెప్పింది. "కావచ్చమ్మా, కానీ ఇదే బాగా పోతోంది" అన్నాడు. ఇంట్లో నెలలకొద్దీ అన్నీ సగానికి సగమయ్యాయి. మా తమ్ముడు చాలా రోజులు ఆమెతో ముభావంగా ఉన్నాడు. ఆ తర్వాత ఎక్కడో వాడిన కంప్యూటరు బేరమాడి తెచ్చి, మేం అన్నం తినే బల్ల మీద పెట్టి, తీగలన్నీ తనే కలిపి, ఒక్క మాట కూడా అనకుండా బయటికి పోయాడు. ఇప్పుడామె అక్కడే పని చేస్తోంది. టచప్‌కి మరో మనిషి కుదరక, స్టూడియో ఓనరే అప్పుడప్పుడూ చాటుగా ఫొటోలు పంపిస్తుంటాడు.

మొన్న ఒక బ్యాంకు ఉద్యోగిని వచ్చింది. నలభై దాటిన మనిషి, ఆఫీసు గోడ మీద పెట్టడానికి ఫొటో కావాలట. తెర మీద తన ముఖం చూసుకుని నిట్టూర్చింది.

"అక్కా, రోజూ ఇన్ని ముఖాలు చూస్తారు కదా. మీరేం రాస్తారు?"

"రాయడానికి నాకింకా ఏం దొరకలేదమ్మా. చేతికందే ధరలో, ఏ ప్రాణి ఉసురూ తగలనిది వెతుకుతూనే ఉన్నా. షాపుకెళ్ళినప్పుడల్లా భూతద్దం పెట్టి చదువుతా. బొమ్మలు నమ్మకు, జంతువుల మీద పరీక్షించలేదని ఎవరు తనిఖీ చేశారో అడుగు. చెప్పలేకపోతే అక్కడే పెట్టి వచ్చెయ్. ముసలితనం రోగమా ఏమన్నానా, మన ముఖాన్ని చూపించి మనల్నే భయపెట్టి, మన డబ్బుతోనే నోరులేని ప్రాణుల్ని..." ఆమె గొంతు లేచింది. ఆవిడ బెదిరి నావైపు చూసింది. మా మరదలు తమాయించుకుని కళ్ళద్దాలు సర్దుకుంది. "సరేలే. ఎన్ని గీతలు తీయమంటావు? కళ్ళ పక్కవి ఉంచనా? నవ్వితే బాగున్నాయి."

"వద్దక్కా, అన్నీ తీసెయ్యండి. వచ్చే నెల ప్రమోషన్లున్నాయి."

మా మరదలు తీసింది. ఒక్కటీ మిగల్చకుండా, ఎప్పట్లాగే నీటుగా తీసింది. తీస్తున్నంతసేపూ పళ్ళ మధ్య తిడుతూనే ఉంది. ఆ తిట్లు తనకి కాదని ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక, నేను వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాను.