మామగారి నాలుక

మా ఇంట్లో కడుపు ఎవరిదైనా, నొప్పి ఎలాంటిదైనా, దాని పేరు గ్యాసే. ఎనభైల చివర్లో మణుగూరు కాలనీ క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. బొగ్గు గనిలో పనిచేసే మా ఆయన దగ్గర్నుంచి పక్కింటి ముసలమ్మ దాకా అందరికీ గ్యాసే. వాము నమిలితే పోవాలి. పోకపోతే గోలీసోడా. దానికీ పోకపోతే నిన్న తిన్న వంకాయ కూరను తిట్టుకోవాలి. వండింది నేను కాబట్టి ఆ తిట్లు చివరికి నాకే చేరేవి.

మామగారు పెనుబల్లి దగ్గరి ఊళ్ళో వ్యవసాయం వదిలి మా దగ్గరికి వచ్చాక ఈ గ్యాసు కథ ముదిరింది. పొద్దున్నే వరండాలో కూర్చుని, పిడికిలి రొమ్ము కింద అదిమిపెట్టి, ముందుకు వంగి ఉండేవారు. కంచంలో అన్నం సగం మిగిలేది. మనిషి చిక్కిపోతున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. చూడటమే గానీ అడగలేను. మా వైపు కోడలు మామకు ఎదురుగా నిలబడి మాట్లాడదు. తలుపు చాటున ఉండి, గోడతో చెప్పినట్టు చెప్పాలి. అన్నం పెట్టానని గోడకే చెప్పాలి, స్నానానికి నీళ్ళు తోడానని గోడకే చెప్పాలి. దొడ్డికి ఎలా అవుతోందని ఏ గోడను అడగను?

ఒకరోజు కుళాయి నీళ్ళు రాలేదు. మామగారు వెళ్ళొచ్చాక నేను బకెట్ పట్టుకుని పెరట్లో లెట్రిన్ కడగడానికి వెళ్ళాను. రోడ్డు మీద కొత్తగా పోసిన తారులా నల్లగా, జిగటగా ఉంది. వాసన కూడా మామూలు వాసన కాదు. నీళ్ళు పోసి వచ్చేశాను గానీ ఆ రోజంతా కుదురు లేదు. పాలు పొంగిపోయాయి, చారులో ఉప్పు వేసిందే మళ్ళీ వేశాను. మా ఆయన షిఫ్టు దిగి వచ్చి, బూట్లు విప్పకముందే మొదలుపెట్టాను.

“మీ నాయనకు దొడ్డికి నల్లగ పోతున్నది. అడుగుండ్రి.”

“గవన్నీ నువ్వెందుకు చూసినవే?”

“కడిగేది నేను కాబట్టి. అడుగుతరా, అడగరా?”

ఆయన తల గోక్కుంటూ వరండాలోకి వెళ్ళాడు. నేను తలుపు వెనక చెవి పెట్టాను.

“నాయనా, దొడ్డికి మంచిగనే పోతున్నవా?”

“అవ్. ఏంది, కొత్తగ అడుగుతున్నవ్?”

“నల్లగ పోతున్నదంట.”

మామగారు నవ్వారు. “నేరేడుపండ్లు తింటున్న గదరా. నల్లగ గాక తెల్లగ పోతదా?”

మా ఆయన పెద్ద బరువు దించుకున్నవాడిలా లోపలికి వచ్చి అన్నం పెట్టమన్నాడు. “అనుమానం పెనుభూతమంటరు. ఊకె రంది పెట్టుకోకు” అన్నాడు. ఆయన్ను అనడానికీ లేదు. అది నేరేడు కాలం. అడవి ఊళ్ళ ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని కాలనీకి వచ్చి అమ్మేవాళ్ళు. కాలనీ అంతా అవే తింటోంది.

నా మనసు మాత్రం ఊరుకోలేదు. ఊళ్ళో ఏ గేదెకు సుస్తీ చేసినా ముందు పేడ చూసి సంగతి చెప్పిన మనిషి మామగారు. అలాంటి మనిషి తన సంగతి తాను చూసుకోడా? పైగా మోకాళ్ళ నొప్పికని మందుల షాపులో కొన్న బిళ్ళల్ని పరగడుపున, ఉత్త టీతో మింగడం చూస్తున్నాను. అవి పడితేనే గోడ పట్టుకోకుండా నడిచేవారు. ఏదో తేడాగా ఉందని తెలుసు, ఏమిటో తెలియదు. కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ పెరట్లోకీ తిరిగాను.

ఓ ఉదయం గంప ఆమె వచ్చింది. నేనూ దోసెడు పండ్లు కొని, నోట్లో వేసుకుంటూ, జడ వేసుకుందామని అద్దం ముందు నిలబడ్డాను. నాలుక ఊదా రంగుకు తిరిగింది. పెదవులు కూడా. నీళ్ళు పుక్కిలించినా పోలేదు. చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది. మామగారు దారినపోయే వాళ్ళనందరినీ పిలిచి నోరారా మాట్లాడతారు, నవ్వుతారు. ఆ నోట్లో ఈ రంగు నేనెప్పుడు చూశాను?

సగం జడతో వరండాలోకి వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డాను. కాపురానికి వచ్చాక అదే మొదటిసారి.

“మామా, నాలుక చాపుండ్రి.”

ఇంకెవరితోనో అన్నానేమోనని ఆయన అటూ ఇటూ చూశారు. “ఏందమ్మా గిది?”

“చాపుండ్రి.”

నా గొంతులో ఏం వినపడిందో ఏమో, చంటిపిల్లాడిలా నోరు తెరిచారు. ఊదా లేదు సరే, ఎరుపు కూడా లేదు. ఉతికి ఆరేసిన గుడ్డలా పాలిపోయి ఉంది. నాకు భయం వేసింది. అంతకు మించి కోపం వచ్చింది.

“ఒక్క పండన్న తిన్నరా మీరు?”

ఆయన తల దించుకున్నారు.

గనికి కబురు పంపి, కిరాయి జీపు మాట్లాడి దవాఖానాకు బయలుదేరదీశాను. దారిలో చెమటలు పట్టి నా భుజం మీదికి ఒరిగిపోయారు. జల్దీ పోనియ్యమని డ్రైవర్ ప్రాణం తోడేశాను. డాక్టర్ కంటి రెప్ప కిందికి లాగి చూసి, మామగారు ఏమేం మింగుతున్నారో అడిగి తెలుసుకున్నాడు.

“ఆ మోకాళ్ళ బిళ్ళలే కడుపుల పుండు చేసినయమ్మా. లోపల కారిన నెత్తురే నల్లగ పోతున్నది. ఈ వయసుల నొప్పి గట్టిగ తెలువదు, గ్యాసని ఊకుంటరు. ఇంకొంచెం ఆగితే మనిషి దక్కకపోతుండె.”

రక్తం ఎక్కించారు. మా ఆయన బొగ్గు బట్టలతోనే పరుగెత్తుకొచ్చి తన రక్తం ఇచ్చాడు. మామగారు బతికారు.

కాస్త కోలుకున్నాక, మంచం పక్కన ఎదురుగా కూర్చునే అడిగాను. గోడతో మాట్లాడే ఓపిక నాకిక లేదు.

“ఎందుకు దాచిండ్రు?”

ఆయనే మొహం గోడవైపు తిప్పుకున్నారు. “బిళ్ళలు బంద్ చెయ్యమంటరని. అవి లేకుంటే మోకాళ్ళు వంగయ్. దొడ్డికి కూసుంటే లేవలేను. వాడు డ్యూటీల ఉంటడు. ఇంట్ల నువ్వొక్కదానివే. కోడలితోని లేపించుకునుడు కంటే సచ్చుడు నయమనుకున్న బిడ్డా.”

నాకు ఏడుపు ఆగలేదు. అడగడానికి నేను సిగ్గుపడ్డాను, చెప్పడానికి ఆయన సిగ్గుపడ్డారు. మధ్యలో నిండు ప్రాణం పోయేది.

బిళ్ళలు మానేశారు. మా ఆయన ఓ పాత కుర్చీకి మధ్యలో కన్నం కోయించి లెట్రిన్‌లో పెట్టాడు. అయినా లేవడానికి చెయ్యి కావలసి వచ్చేది. నేనే ఇచ్చేదాన్ని. మొదట్లో ఇద్దరం మొహాలు తిప్పుకునేవాళ్ళం. పోనుపోను అదీ పోయింది.

మరుసటి ఏడు మళ్ళీ నేరేడుపండ్లు వచ్చాయి. వరండాలోంచి మామగారు నన్ను పిలిచారు. ఏమైందోనని చేతి పిండి కడుక్కోకుండానే పరుగెత్తాను. నాలుక బయటికి చాపి కూర్చున్నారు. ముదురు ఊదా రంగు.

“చూడు బిడ్డా. ఈసారి నిజంగనే తిన్న.”

నవ్వాను. నవ్వుతూనే అన్నాను.

“మంచిగ తినుండ్రి. గాని రేపు పొద్దుగాల మీరు నీళ్ళు పోయకుండ్రి. నేను చూసినంకనే పోస్త.”

“అవ్” అన్నారు, ఇంకో పండు నోట్లో వేసుకుంటూ.