రెండు తర్వాత అయిదు

మొగిలయ్య పాతికేళ్లు బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పని చేశాడు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఇనుప రజను ఎత్తిపోసే పనికి చేరి, ఎత్తిపోస్తూనే పక్కవాళ్ల చేతులు చూసి నేర్చుకున్నాడు. న్యూస్ పేపరు చదవమంటే తడుముకునేవాడు గాని, డ్రాయింగ్ షీటు చేతికిస్తే ఏ ముక్కకు ఎంత కోత పడాలో చూపుతోనే చెప్పేవాడు. షెడ్డు మూతపడ్డాక నలభై ఐదో ఏట పంజాగుట్టలో ఒక కాల్ సెంటర్ గేటు ముందు నీలం చొక్కా వేసుకుని నిలబడ్డాడు. అక్కడ కూడా ఊరికే నిలబడలేదు. కీచుమనే గేటు చక్రం విప్పి బుష్ మార్చాడు. పడిపోయే షట్టరుకు స్ప్రింగు బిగించాడు. మూడేళ్లలో ఆ గేటు మీద అతని చెయ్యి పడని మేకు లేదు.

రెండు వేల రెండులో అమెరికా నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. ఆ కాల్ సెంటర్‌కు పని ఇచ్చే కంపెనీవాళ్లు పంపారు. గేటు దగ్గర ఉండేవాళ్లంతా మీదికొచ్చిన మనిషిని ఎదుర్కోవడం, తుపాకీ వాడటం నేర్చుకుని ఉండాలట. నెలాఖరులోగా సర్టిఫికెట్లు చూపాలట. అప్పటికి గేటు దగ్గరున్న ఆయుధాలు రెండు లాఠీలు, ఒక టార్చిలైటు, ఒక విజిల్. తుపాకులు ఇస్తారా అని గార్డులు అడిగారు. తుపాకులు ఇవ్వరని, శిక్షణ మాత్రమే కావాలన్నారని అడ్మిన్ ఆఫీసర్ ఇఫ్ఫత్ చెప్పింది. సర్టిఫికెట్ లేనివాళ్లను ఒకటో తారీకు నుంచి గేటులో నిలబెట్టలేనని కూడా చెప్పింది. ఆమె కఠినురాలు కాదు, అందుకే ఆ మాట చెప్పేటప్పుడు మొగిలయ్య వైపు చూడలేకపోయింది. ఆరుగురు గార్డుల్లో పరీక్ష అంటే బెదిరేది అతనొక్కడే.

తోటి గార్డు తబ్రేజ్ మాత్రం నవ్వాడు. "అమీర్‌పేట పక్కన పెట్టుకుని ఫికర్ ఏందన్నా" అన్నాడు.

అతను చెప్పినట్టే మైత్రీవనం వెనక సందులో రెండో అంతస్తులో ఒక బ్యానర్ వేలాడుతోంది. ఆత్మరక్షణ, ఫైర్ ఆర్మ్స్, పదిహేను రోజుల ఇంటెన్సివ్, రియల్ టైం ఫ్యాకల్టీ, మొదటి రెండు క్లాసులు ఫ్రీ. ఫ్యాకల్టీ అంటే కామరాజు. భీమవరం వైపు మనిషి. కిందటేడు దాకా మెయిన్‌ఫ్రేమ్స్ చెప్పాడు. అమెరికాలో ఉద్యోగాలు పోయి బ్యాచులు పలచబడితే రెండు నెలలు మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చెప్పాడు. గార్డులకు సర్టిఫికెట్లు కావాలన్న మాట చెవిన పడగానే పాత బ్యానర్ మీదే కొత్తది కట్టాడు. రియల్ టైం అనుభవం ఏమిటని ఎవరో అడిగితే, కాలేజీలో ఎన్‌సీసీ చేశానని, ఆ మాట రెజ్యూమెలో ఎప్పటినుంచో ఉందని చెప్పాడు.

ముప్ఫై మంది పట్టే గదిలో ఎనభై మంది చేరారు. గార్డులు ఆరుగురే. మిగతావాళ్లు డిగ్రీలు చేతబట్టుకుని తిరుగుతున్న పిల్లలు. మెట్ల మీద గుంపు కనబడితే కొత్త కోర్సుకు గిరాకీ ఉందనుకుని లోపలికొచ్చారు. దీనికి బెంగుళూరులో ఓపెనింగ్స్ ఉన్నాయా అని ఒకడు అడిగాడు. ప్రస్తుతానికి కాంపిటీషన్ తక్కువ అని కామరాజు జవాబిచ్చాడు, అందరూ రాసుకున్నారు. ఇరుకు చోటులో పోరాటం అంటే ఏమిటో వివరించాల్సిన అవసరం కూడా రాలేదు. ఒకరు మోచెయ్యి ఎత్తితే పక్కవాడి కళ్లజోడు కిందపడేది. చివరికి బేసి వరసలవాళ్లు దాడి, సరి వరసలవాళ్లు రక్షణ అని పంచారు. గోడ దగ్గరున్నవాళ్లు చూసి నేర్చుకోవాలి.

తుపాకీ పాఠం బోర్డు మీద మొదలైంది. తుపాకీ నిర్వచనం, తుపాకీ వల్ల లాభాలు, నష్టాలు, పిస్తోలుకు రైఫిలుకు తేడాలు. ఆ తర్వాత ల్యాబ్. ల్యాబ్‌లో ఉన్నది ఒక్క ప్లాస్టిక్ పిస్తోలు. కంప్యూటర్ల దగ్గర అలవాటైన పద్ధతే ఇక్కడా పెట్టారు. రిజిస్టర్‌లో పేరు రాసుకోవాలి, ఒక తుపాకీకి ఇద్దరు, అరగంట. ఒకడు ట్రిగ్గర్ నొక్కుతాడు, రెండోవాడు చూస్తాడు. మూడో రోజుకు ట్రిగ్గర్ ఊడి చేతికొచ్చింది. ల్యాబ్ డౌన్ అయిందని కామరాజు తలుపు మీద కాగితం అంటించాడు.

మొగిలయ్యకు ఇది నచ్చలేదు. కృష్ణానగర్ వెళ్లి, సినిమాలకు సామాన్లు అద్దెకిచ్చే దుకాణంలో ఒక డమ్మీ పిస్తోలును తన పాత కాలిపర్‌తో కొలుచుకున్నాడు. ఇంటి వెనక పడున్న టేకు దర్వాజ ముక్కను రెండు సాయంత్రాలు చెక్కి, లోపల తాళంకప్ప స్ప్రింగు అమర్చాడు. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమని పలికేది. క్లాసులో ఆ పిస్తోలు చేతులు మారుతుంటే కొందరు దాన్ని కళ్లకద్దుకున్నారు. సిస్టం మళ్లీ అప్ అయిందని కామరాజు ప్రకటించాడు.

ఇక నోట్సు. కోర్సంతా ఆ జిరాక్సు కట్టలోనే ఉంది. పిస్తోలు పట్టుకుని మీదికొచ్చినవాడి నుంచి దాన్ని లాక్కోవడం అయిదు మెట్లని ఇరవై మూడో పేజీలో ఉంది. ఒకటి, రెండు చేతులూ పైకెత్తాలి. రెండు, పక్కకు జరిగి అతని మణికట్టు పట్టుకోవాలి. అక్కడికి పేజీ అయిపోతుంది. తర్వాతి కాగితం మీద అంకె ఇరవై అయిదు. దాని మొదటి వాక్యం, అయిదు, ఆయుధాన్ని డ్యూటీ ఆఫీసరుకు అప్పగించి రిజిస్టర్‌లో సంతకం తీసుకోవాలి. ఇరవై నాలుగో పేజీ ఏ జిరాక్సు మిషన్ దగ్గర జారిపోయిందో తెలియదు. ఎవరూ వెతకలేదు. నోట్సులో ఏది ఉంటే అది చేశారు. దాడి చేసినవాడి మణికట్టు పట్టుకుని, వాడి గుప్పిట్లో పిస్తోలు అలాగే ఉండగా, ఇద్దరూ కలిసి కామరాజు బల్ల దాకా నడిచి వచ్చి సెల్యూట్ కొట్టేవారు. కామరాజు సంతకం పెట్టేవాడు. దాడి చేసినవాడు కూడా బుద్ధిగా నడిచేవాడు, తర్వాతి వంతు తనది కాబట్టి.

మొగిలయ్య చెయ్యెత్తి నిలబడ్డాడు. "సార్, రెండు తర్వాత అయిదు ఎట్ల వస్తది?"

"ఏంటి మొగిలయ్యగారూ?"

"మూడు, నాలుగు లేవు సార్. తుపాకి వాని చేతులనే ఉన్నది."

కామరాజు నోట్సు తిప్పి చూశాడు. ఒక్క క్షణం కూడా తడబడలేదు. "అవి అడ్వాన్స్‌డ్‌లో వస్తాయండి" అన్నాడు. అడ్వాన్స్‌డ్ ఎప్పుడంటే, ముప్ఫై మంది పేర్లిచ్చాక.

క్లాసంతా అడ్వాన్స్‌డ్ అని మార్జిన్‌లో రాసుకుంది. మొగిలయ్య మాత్రం రాసుకోలేదు. రంధ్రం వెయ్యకుండా మర తిప్పమన్నట్టుంది అతనికి. ఇంటికెళ్లి చెక్క పిస్తోలు భార్య బుచ్చమ్మ చేతికిచ్చి, గట్టిగా పట్టుకొమ్మన్నాడు. బుచ్చమ్మ అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్‌లో వంట చేస్తుంది. రోజూ వంద మందికి పిండి కలిపే చెయ్యి అది. అతను లాగాడు, రాలేదు. రెండు చేతులతో లాగాడు, పిస్తోలుతో పాటు బుచ్చమ్మ వచ్చింది. నాలుగు సాయంత్రాలు ఇదే తంతు. పక్కింటివాళ్లు మొగుడూ పెళ్లాల కొట్లాట అనుకుని మధ్యవర్తులుగా వచ్చి, చెక్క తుపాకీ చూసి వెనక్కి వెళ్లారు.

అయిదో సాయంత్రం బుచ్చమ్మకు విసుగొచ్చింది. "నువ్వు నాలుగు వేళ్ల దిక్కు గుంజుతున్నవ్. ఎట్లొస్తది?" అంది. "బొటనేలు దిక్కు తిప్పు. హాస్టల్ పిల్లలు నా చేతిల నుంచి చపాతి కర్ర గట్లనే గుంజుకపోతరు."

అతను ముందు గొట్టం కొనను తన ఒంటి మీద నుంచి పక్కకు నెట్టాడు. తర్వాత బొటనవేలి వైపు తిప్పాడు. పిస్తోలు అతని చేతిలోకి వచ్చేసింది. మూడు, నాలుగు దొరికాయి.

పరీక్ష కాల్ సెంటర్ క్యాంటీన్‌లో పెట్టారు. ఇన్‌స్టిట్యూట్ పంపిన జవాబుల కీ ముందు పెట్టుకుని ఇఫ్ఫత్ మార్కులు వేస్తుంది, ఆ షీటు అమెరికాకు వెళుతుంది. పదికి ఆరు రావాలి. మెట్టుకు రెండు మార్కులు, కీలో లేని మూడు నాలుగుల మార్కులు అందరికీ ఊరికే వేస్తారు, ఇచ్చిన క్రమంలో చేస్తే చాలు. పిస్తోలు పట్టుకుని దాడి చేసేది కామరాజు. తబ్రేజ్ చేతులెత్తి, మణికట్టు పట్టుకుని, కామరాజును చెయ్యి పట్టి నడిపించుకొచ్చి సెల్యూట్ కొట్టాడు. ఇఫ్ఫత్ కామరాజు గుప్పిట్లో ఉన్న పిస్తోలు వంక చూసింది, కీ వంక చూసింది, పది వేసింది. తిరిగొస్తూ తబ్రేజ్ చెవిలో చెప్పాడు. "అన్నా, ఇయ్యాల నీ లేత్ పని బంద్ పెట్టు. పేపర్ల ఉన్నదే చెయ్యి."

మొగిలయ్య అలాగే చేద్దామనుకున్నాడు. ఒకటో తారీకుకు నాలుగు రోజులే ఉన్నాయి. కాని అయిదు సాయంత్రాలు అరగదీసిన చేతులు అతని మాట వినలేదు. స్టార్ట్ అన్న మాట కామరాజు నోట్లో ఉండగానే పిస్తోలు ఇఫ్ఫత్ బల్ల మీద ఉంది. "మేడం, సంతకం" అన్నాడు మొగిలయ్య.

కామరాజు బొటనవేలు నోట్లో పెట్టుకుని, "ఇది సిలబస్‌లో లేదండీ" అన్నాడు.

ఇఫ్ఫత్ కీ మీద వేలు పెట్టి చూసింది. చేతులు ఎత్తలేదు. మణికట్టు పట్టుకున్నట్టు కనబడలేదు. క్రమం లేదు కాబట్టి ఊరికే ఇచ్చే మార్కులూ లేవు. అప్పగింత ఒక్కటే ఉంది. రెండు మార్కులు. ఆ అంకె రాశాక కూడా ఆమె పెన్ను మూత పెట్టలేదు. తను పాస్ చేసినవాళ్ల పరీక్షలో తుపాకీ చివరికి ఎవరి చేతిలో ఉన్నట్టు అని కామరాజును అడిగింది.

"దాడి చేసినవాడి చేతిలోనేనండీ" అన్నాడు కామరాజు. "కాని కంట్రోల్‌లో ఉంటుంది."

షీటు అమెరికాకు వెళ్లలేదు. మూడు, నాలుగు వచ్చేదాకా ఎవరికీ సర్టిఫికెట్ లేదని ఇఫ్ఫత్ చెప్పేసింది. తబ్రేజ్ తన పది మార్కులు పోయాయని మొగిలయ్యతో పూటంతా మాట్లాడలేదు. కామరాజు సాయంత్రానికల్లా అడ్వాన్స్‌డ్ బ్యానర్ కట్టించాడు, ముప్ఫై మంది లెక్క వదిలేశాడు. చేరాలంటే బేసిక్ పాసై ఉండాలి. మొగిలయ్యకు వచ్చింది రెండు మార్కులు, కాబట్టి విద్యార్థుల రిజిస్టర్‌లో అతని పేరు ఎక్కలేదు. ఫ్యాకల్టీ అన్న చోట ఎక్కింది.

అతను బోర్డు ముట్టుకోలేదు. ఒక్కొక్కరి చేతిలో పిస్తోలు పెట్టి, బొటనవేలు ఎక్కడుందో తడిమి చూసి, "మళ్లీ" అన్నాడు, "మళ్లీ" అన్నాడు. నోట్సు ఇవ్వరా అని ఒకడు అడిగితే, చేతిలో ఉన్నదే నోట్సన్నాడు. రెండో రోజు బుచ్చమ్మ చపాతీ కర్రతో వచ్చి దాడి చేసేవాళ్ల వంతు తీసుకుంది. ఆమె చేతి నుంచి కర్ర తీసుకోగలిగినవాడు ఆ పూటకు పాసు. మూడో రోజు మధ్యాహ్నానికి అయిదుగురు గార్డులకూ పని పట్టుబడింది. తబ్రేజ్‌కు అందరికంటే ముందు పట్టుబడింది, అలకా పోయింది.

ఇఫ్ఫత్ మళ్లీ పరీక్ష పెట్టింది. ఈసారి కీలో మూడు, నాలుగు తన చేతిరాతతో రాసుకుంది. అయిదుగురూ పాసయ్యారు. సర్టిఫికెట్లలో ట్రైనర్ అన్న చోట మొగిలయ్య ఒక్కొక్క అక్షరం దిద్దుతూ అయిదు సంతకాలు పెట్టాడు. ఆరోది అతనిది. అదీ ముందుకు జరిపి, ట్రైనర్ మీరే కాబట్టి మీరే సంతకం పెట్టండి, రేపు ఒకటో తారీకు, గేటుకు వెళ్లిపోవచ్చు అంది ఇఫ్ఫత్. ఆమె గొంతులో నాలుగు వారాల బరువు దిగిన సంగతి తెలుస్తోంది.

మొగిలయ్య పెన్ను కింద పెట్టాడు. "లేత్ మీద ముక్క తీసినోడు దానికి గేజ్ పెట్టి కొలత చూడడు మేడం. ఇంకోడు పెట్టి చూడాలె."

"అన్నా, సంతకమే కదన్నా" అన్నాడు తబ్రేజ్, బతిమాలుతూ. "నీకు రాదని ఎవడంటడు?"

"నేను చేసింది నేనే పాసంటే అది పాసెట్లయితది? తుపాకి పట్టు."

తబ్రేజ్ పిస్తోలు పట్టుకున్నాడు. మొగిలయ్య ఈసారి లెక్క పెట్టుకోవడానికి వీలుగా చేశాడు. చేతులు పూర్తిగా పైకెత్తాడు. పక్కకు జరిగి మణికట్టు పట్టాడు. గొట్టం పక్కకు నెట్టాడు. తిప్పాడు. తబ్రేజ్ భయపడి ఇంకా గట్టిగా బిగించడంతో అక్కడ ఒక్క క్షణం పట్టింది. తర్వాత పిస్తోలు బల్ల మీద పెట్టి ఇఫ్ఫత్ సంతకం తీసుకున్నాడు. తబ్రేజ్ షీటు మీద పది వేసి, కింద తన పేరు రాశాడు.

మొగిలయ్య తొంగి చూశాడు. "నాలుగోది జర ఆగింది. తొమ్మిది ఎయ్యి."

తబ్రేజ్ ఇఫ్ఫత్ వంక చూశాడు. ఇఫ్ఫత్ షీటు తన వైపు లాక్కుని పది కొట్టేసి తొమ్మిది వేసింది. సంతకం లేని కొట్టివేతను అమెరికావాళ్లు ఒప్పుకోరని తబ్రేజ్ చేతా మొగిలయ్య చేతా పక్కన సంతకాలు పెట్టించింది.